యంత్రానికి పెట్టిన బొట్టు

నా చెక్‌లిస్టులో మొదట ఇరవై ఆరు అంశాలే ఉండేవి. ఇరవై ఏడవదాన్ని ఒక రైతు చేర్పించాడు, ఇరవై ఎనిమిదవదాన్ని ఒక మేకపిల్ల చేర్పించింది. రెండింటికీ కారణం ఒకే పూట, గంటా నలభై నిమిషాల వ్యవధిలో పుట్టింది. రక్షణ యంత్రాల రంగంలోకి కొత్తగా వస్తున్న మీకు ఆ పూట గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మోకాళ్లు మొరాయించి యాభై రెండేళ్లకే పని మానుకున్నాను కాబట్టి తీరికకు లోటు లేదు. ముప్పై అయిదు డైరీలు ఎదురుగా ఉన్నాయి కాబట్టి నిమిషాలకు కూడా లోటు లేదు.

ముందుగా నా పని గురించి రెండు మాటలు. మార్కాపురం, గిద్దలూరు, దర్శి చుట్టుపక్కల పల్లెల్లో పంతొమ్మిదేళ్లు బోరుబావుల్లోకి కెమెరా దించాను. నీటి ఊట ఎక్కడుంది, మోటారు ఎక్కడ ఇరుక్కుంది, పైపు ఎక్కడ తెగింది అని తెర మీద చూసి రైతుకు చెప్పడం నా వృత్తి. వందలాది బోర్ల లోపలి గోడలు నాకు తెలుసు. మా జిల్లా పడమటి భాగాన్ని పైనుంచి చూసిన దానికంటే లోపలినుంచే ఎక్కువ చూశానని మా ఆవిడ అంటూ ఉంటుంది.

ఆ తరువాత రక్షణ యంత్రాలకు గిరాకీ వచ్చింది. అది పెరిగిన తీరు చూస్తే నవ్వూ వచ్చేది, ఉత్సాహమూ వచ్చేది. వరద నీటిలో ఈదే యంత్రం, కూలిన గోడల సందుల్లో పాకే యంత్రం, సొరంగంలోకి దూరే యంత్రం, ఆకాశం నుంచి మనిషి ఒంటి వేడిని పసిగట్టే యంత్రం! ఏ ప్రదర్శనకు వెళ్లినా ప్రతి గుడారంలోనూ ఒకటి కుంటుతూనో, ఎగురుతూనో, గోడకు గుద్దుకుంటూనో కనిపించేది. నిన్నటిదాకా పంపుసెట్లు అమ్మినవాడు ఈరోజు రోబో అమ్ముతున్నాడు. కొనేవాళ్లు అధికారులు, అడిగేవాళ్లు కూడా అధికారులే. వాళ్లు అడిగేది ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఇది నిజంగా పనిచేస్తుందా?"

మా కంపెనీ బోరుబావిలో పడినవారిని పైకి తీసే యంత్రం తయారుచేసింది. యజమానురాలు ముప్పై ఒక్క ఏళ్ల ఇంజనీరు, కోస్తా అమ్మాయి, మాటలో చురుకు. ఆమెతో కలిపి మేము పదకొండు మందిమి. బోరు గోడల సంగతి తెలిసినవాడు కావాలని నన్ను తీసుకుంది. నన్ను బాబాయ్ అనేది, నేను ఆమెను మేడమ్ అనేవాణ్ణి. మేము తయారుచేసిన యంత్రం నాలుగడుగుల పొడవు, మనిషి మోచేయంత లావు. కింది కొసన మెత్తటి రబ్బరు అంచు ఉన్న గుండ్రటి గాజు కన్ను, దాని చుట్టూ దీపాలు, పక్కన చిన్న స్పీకరు, మైకు, లోపలికి ముడుచుకునే రెండు రబ్బరు చేతులు. దాన్ని మూడు కాళ్ల ఇనుప స్టాండు మీదినుంచి ఉక్కు తాడుతో దించేవాళ్లం. పైన మా దగ్గర ఒక తెర, ఇంకో మైకు, ఇంకో స్పీకరు.

ఆ మంగళవారం జిల్లా అధికారి ఒకరు మా యంత్రాన్ని చూడటానికి వస్తున్నారు. త్రిపురాంతకం నుంచి మార్కాపురం వెళ్లే దారి పక్కన ఒక కంది చేలో పాత బోరు దగ్గర ప్రదర్శన. ఆయనకు నచ్చితే మొదటి ఆర్డరు మాది. నచ్చకపోతే మా పదకొండు మందిలో ఎందరు మిగులుతారో మేడమ్ నాతో ఎన్నడూ అనలేదు. ఆ వారం ఆమె నవ్వడం మాత్రం తగ్గించింది.

ఆ బోరు సంగతి. రైతు ఆరు వందల అడుగులు వేయించినా చుక్క నీరు పడలేదు. మా వైపు అలవాటు ప్రకారం, గోడ కూలకుండా వేసే కేసింగ్ పైపు లాగేసుకుని, రాళ్లూ మట్టీ పోయించాడు. పైన నలభై అడుగుల పైచిలుకు ఖాళీ మిగిలింది. దాని మీద పొందికగా ఒక పెద్ద పలక పరిచాడు, మార్కాపురం గనుల పలకే. ఆ పలకను ఆయన ఏళ్ల తరబడి కదిలించలేదు. కదిలించినవాణ్ణి నేను.

చెక్‌లిస్టులో తొమ్మిదవ అంశం: మూత తీయుట. పదవ అంశం: లోతు కొలుచుట. పదకొండవ అంశం: లోతు నమోదు చేయుట. ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు పలక తీశాను. టేపు దించాను, నలభై మూడు అడుగులు. కొలిచిన అంకెను వెంటనే రాసుకోవాలన్నది నా నియమం, తలలో పెట్టుకుంటే అంకె మారిపోతుంది. చెక్‌లిస్టు జీపులో ఉంది, జీపు అరవై అడుగుల దూరంలో ఉంది. వెళ్లాను. పెన్సిలు ములుకు విరిగి ఉంది. చెక్కుకున్నాను. ములుకు నాకు తృప్తిగా రాలేదు, మళ్లీ చెక్కుకున్నాను. మూత తీసిన సమయం, లోతు, నమోదు చేసిన సమయం వరుసగా రాశాను. తొమ్మిది గంటల పద్నాలుగు నిమిషాలు. నా చేతిరాత చాలా అందంగా కుదిరింది.

తలెత్తేసరికి చేలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పదిహేను మేకలు చెల్లాచెదురుగా తిరుగుతున్నాయి. ఆవిడ నడుం మీద చేయి పెట్టుకుని నేలవైపు చూస్తోంది.

"అల్లుడా, నా పిల్ల యాడబాయె?"

ఆవిడను నేను అంతకుముందు చూడలేదు. మా వైపు అల్లుడు కావడానికి అంత పరిచయం అక్కర్లేదు.

"యా పిల్ల అత్తా?"

"తెల్లచెవుల పిల్ల. పన్నెండు దినాల పిల్ల. ఇప్పుడే గదా గంతులేస్తాన్నది! అరుపు ఇనపడతాంది గాని పిల్ల కనపడ్డంల్యా. భూమిలోంచి అరుస్తాన్నట్లుంది."

భూమిలోంచే అరుస్తోంది. నేను బోరు అంచున బోర్లా పడుకుని చెవి పెట్టాను. నలభై మూడు అడుగుల కిందినుంచి సన్నగా, కోపంగా, ఎవరినో నిలదీస్తున్నట్టుగా, "మ్యే" అని వినిపించింది.

చేను యజమాని పరుగున వచ్చాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, నన్ను వచ్చిన దగ్గరనుంచీ మామా అనే పిలుస్తున్నాడు. పలక పక్కన పడి ఉండటం చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనలేదు. పెద్దావిడ అన్నది.

"నీళ్లు పడని బోరు నీది, నీళ్లు పెట్టుకునే కండ్లు నాయి!"

"ఓ పెద్దమ్మా, ఉండు. ఆ మామ దెచ్చిన మిషను ఇందుకే గదా ఉండేది. మడుసుల్ని తీసేదంట, మ్యాకపిల్ల ఒక లెక్కా?"

"ఆ బొంగుతోనా?" అని ఆవిడ యంత్రాన్ని ఎగాదిగా చూసింది.

యంత్రాన్ని నడపడం మేడమ్‌కే వచ్చు కాబట్టి ఆమె కోసం ఎదురుచూశాం. తొమ్మిది నలభైకి ఆమె కారు వచ్చింది, వెనుకనే అధికారి జీపు వచ్చింది. మేడమ్ చేతిలో ప్రదర్శన కోసం తెచ్చిన గుడ్డ బొమ్మ ఉంది. నేను ఎదురువెళ్లి, "బోరులో మేకపిల్ల పడింది మేడమ్" అన్నాను. పడింది అన్నాను. ఎలా పడిందో చెప్పలేదు. ఆ ఒక్క వాక్యంలో నేను మింగేసిన భాగం ఆ తరువాత గంటసేపు నా గొంతులోనే ఉండిపోయింది.

ఆమె నన్ను పక్కకు లాగింది. "బాబాయ్, బొమ్మ అయితే మనం ముప్పై సార్లు తీశాం. బతికున్నదాన్ని ఒక్కసారి కూడా తీయలేదు. అది కాళ్లు విదిలిస్తుంది, తప్పించుకుంటుంది. చచ్చిపోతే ఈయన ముందే చచ్చిపోతుంది. రెండు కిలోమీటర్ల అవతల ఇంకో బోరు ఉందన్నారుగా? అక్కడ బొమ్మతో చూపించి, ఇటొచ్చి దీన్ని తీద్దాం."

ఆమె చెప్పిన లెక్కలో తప్పు లేదు. కానీ కింద ఉన్నది నేను మూత తీసిన బోరులో పడింది. "ముందు ఇదే మేడమ్" అన్నాను. అధికారి మా వెనుకనే నిలబడి వింటున్నారని అప్పుడు తెలిసింది.

"నేను బొమ్మను చూడటానికి రాలేదమ్మా. ఇదే చేయండి" అన్నారాయన.

స్టాండు నిలబెట్టాం. ముందుగా సన్నటి గొట్టంతో గాలి పంపాం. పన్నెండవ అంశం నుంచి ఒక్కొక్కటీ చెప్పుకుంటూ టిక్కు పెట్టాను. పంతొమ్మిదవ అంశం: కెమెరా గాజు తుడుచుట. మెత్తని గుడ్డతో రెండుసార్లు తుడిచి టిక్కు పెట్టాను. ఒకసారి టిక్కు పెట్టినదాన్ని మళ్లీ చూడకూడదన్నది నా ఇంకో నియమం. అనుమానం పని పాడుచేస్తుందని నా నమ్మకం. ఇరవై నాలుగవ అంశానికి, అంటే ఉక్కు తాడు చుట్ల పరీక్షకు, స్టాండు అవతలి వైపుకు వెళ్లాను.

ఇవతలి వైపున రైతు సంచి విప్పాడు. టెంకాయ, పసుపు, కుంకుమ, ఊదుబత్తులు. ఆయన ప్రదర్శన కోసం పొద్దున్నే సిద్ధం చేసుకున్నవి.

"అయ్యో, ఇప్పుడు ఇవన్నీ ఎందుకండీ, టైము లేదు!" అని మేడమ్ గొంతు వినిపించింది.

"అట్లంటే ఎట్లమ్మా? నా చేన్లో మూడు బోర్లు ఏసినాను. బండికి టెంకాయ కొట్టకుండా ఒక్కటి ఎయ్యలే."

"మూడిట్లో నీళ్లు పడినాయా?" అన్నారు అధికారి.

"పళ్లేదు సార్. అది యేరే సంగతి."

టెంకాయ పగిలిన చప్పుడు నాకు వినిపించింది. అవతల పెద్దావిడ కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, "ప్రభువా, తెల్లచెవుల పిల్ల" అని తన ప్రార్థన తాను చేసుకుంటోంది. ఇరువైపులా ప్రయత్నం జరుగుతోంది కదా, మంచిదే అనుకున్నాను. ఇరవై ఆరవ అంశానికి టిక్కు పెట్టి, "దించండి" అన్నాను. పది గంటల పదకొండు నిమిషాలు.

పది అడుగులు దిగింది. కేసింగ్ లేని గోడ నుంచి పెళ్లలు రాలాయి. కిందినుంచి మేకపిల్ల తుమ్మిన శబ్దం స్పీకరులో వినిపించింది. ఇరవై అడుగులు. అందరం తెర చుట్టూ మూగాం. తెర నిండా ఎరుపు.

చిక్కటి, కదలని, నిండు ఎరుపు.

మేడమ్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "రక్తం" అన్నది చిన్నగా. ఆ మాట వినగానే పెద్దావిడ నేల మీద కూలబడింది. అధికారి టోపీ తీశారు. నేను తెరకు ముఖం ఆనించి చూశాను. పంతొమ్మిదేళ్లలో బోర్ల లోపల తుప్పు చూశాను, ఎర్రమట్టి చూశాను, చచ్చిన పాములను చూశాను. ఇంత గుండ్రంగా, అంచు చుట్టూ పసుపు గీతతో, ఇంత శుభప్రదంగా ఉన్న రక్తాన్ని ఎన్నడూ చూడలేదు.

మెల్లగా రైతువైపు తిరిగాను. ఆయన వేళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బావా, బొట్టు యాడ పెట్టినావు?"

"యాడ పెడతారు మామా? మొగానికే!"

"దానికి మొగం యాడుంది?"

"ఆ గుండ్రంగా, అద్దం మాదిరి ఉండ్లా? అదే మొగం అనుకుంటి. బాగా తడిపి, దిట్టంగా పెట్టినాను, రాలిపోకుండా."

మేడమ్ నవ్వింది. ఆ వారంలో మొదటి నవ్వు, ఆపుకోలేక స్టాండు కాలు పట్టుకుని నవ్వింది. అధికారి టోపీ పెట్టుకుని, గడ్డం తడుముకునే నెపంతో నోరు కప్పుకున్నారు. పెద్దావిడకు కోపం వచ్చింది. "నా పిల్ల సచ్చిందా బతికిందా చెప్పకుండా ఇకిలిస్తారేంది!" అని లేచింది.

నవ్వు ఆగింది. సమస్య అలాగే ఉంది. యంత్రాన్ని పైకి లాగి తుడవాలంటే పైకీ కిందికీ పదకొండు నిమిషాలు, దాని కంటే ముఖ్యంగా ఇంకో రెండుసార్లు మట్టి రాలుతుంది. ఆ పిల్ల ఇప్పటికే మట్టిలో ఉంది. తుడవకుండా దించితే చేతులు ఎక్కడ మూసుకుంటాయో కనిపించదు. మెడ దగ్గర మూసుకుంటే అంతే. మెల్లగా ఇంకా దించుతూ పోయాం. నలభై ఒక్క అడుగుల దగ్గర ఆపాను. ఎరుపు, ఎరుపు, ఎరుపు.

"ఈ మైకు దేనికి?" అని అడిగింది పెద్దావిడ.

"లోపల పడిన పిల్లలతో తల్లి మాట్లాడటానికి" అన్నది మేడమ్.

"ఇట్లియ్యి మరి. ఇంతసేపు దాసిపెట్టుకున్నారా?"

మైకు లాక్కుని, నోటికి దగ్గరగా పెట్టుకుని, పాలు తాపే వేళకు పిల్లలను ఎలా పిలుస్తుందో అలా పిలిచింది. నాలుక అంగిలికి తాటిస్తూ, "ట్టట్టట్ట... బాబ్బాబ్బా... రాయే, రాయే నా తల్లీ" అన్నది. నలభై అడుగుల కింద స్పీకరులో ఆ పిలుపు మోగింది. కింది అరుపు ఆగింది. పైన మేకలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. ఆ పిల్ల తల్లిమేక గుంపులోంచి ముందుకు వచ్చింది.

తెర మీద ఎరుపు కదిలింది. ఏదో వచ్చి కన్నుకు గుద్దుకుంది. మళ్లీ గుద్దుకుంది. తల్లి పొదుగును పిల్లలు పొడిచినట్టు. పిలుపు ఆ గుండ్రటి రబ్బరు మూతిలోంచే వస్తోంది, మెత్తగా కూడా ఉంది, పొదుగు కాక ఇంకేమవుతుంది? తరువాత తెర నిండా ఒక గులాబీ రంగు నాలుక వచ్చింది. పైనుంచి కిందికి ఒకసారి. ఎరుపు పక్కకు జరిగింది. ఇంకోసారి. పసుపు పోయింది. మూడోసారి, నాలుగోసారి, చప్పరింపుల చప్పుడు స్పీకరులో గట్టిగా వినిపిస్తూ ఉండగా, ఆ నాలుక వెనుకనుంచి రెండు తెల్ల చెవులూ, మట్టి కొట్టుకుపోయిన ఒక ముక్కూ, మమ్మల్ని చూస్తున్న రెండు కళ్లూ అద్దంలా స్పష్టంగా కనిపించాయి.

చేలో ఈలలు మోగాయి. ఎవరు వేశారని మీరు అడిగితే, మొదటి ఈల అధికారిది.

"ఎంత బాగా తుడిచిందండీ!" అన్నది మేడమ్. ఆమె కళ్లలో నీళ్లు ఉన్నాయి. అది నవ్వు వల్లనో మరెందువల్లనో నేను నమోదు చేసుకోలేదు.

రబ్బరు చేతులను మేడమ్ ముందరి కాళ్ల వెనుకగా, పొట్ట చుట్టూ మూసింది. పెద్దావిడ పిలుస్తూనే ఉంది. పిల్ల చప్పరిస్తూనే ఉంది. పది గంటల యాభై నిమిషాలకు పైకి వచ్చింది. నేల మీద పెట్టగానే నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారి కూర్చుంది, మళ్లీ లేచింది, గాలిలోకి ఎగిరి, తన పుట్టుకే ఒక వేడుక అన్నట్టు పక్కకు గెంతింది. రైతు దానికి బొట్టు పెట్టబోయాడు. "సాల్లే నీ బొట్లు" అని పెద్దావిడ ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది.

ఇక్కడితో ఆపితే ఇది బాగా అమ్ముడుపోయే కథ. మా కంపెనీ కరపత్రంలో ఇక్కడితోనే ఆపారు కూడా.

అధికారి రైతువైపు తిరిగారు. నవ్వు పోయి ఉద్యోగం ముఖం మీదికి వచ్చింది. "సరే, పిల్ల బతికింది. రేపు మనిషి పిల్ల పడితే? పాత బోరును ఇలా తెరిచి పెట్టడం నేరమని తెలుసా నీకు? నీ పేరు రాసుకోవాలి." ఆ తరువాత నావైపు చేయి చాపారు. "మీరేదో కాగితంలో అన్నీ టైముతో సహా రాస్తున్నారు కదా, అదివ్వండి. నేను వచ్చేసరికి బోరు ఏ స్థితిలో ఉందో అందులో ఉంటుంది."

చెక్‌లిస్టు కోసం చూశాను. స్టాండు పక్కన పెట్టిన అట్ట అలాగే ఉంది. దాని మీద కాగితం లేదు. అట్ట పక్కన తల్లిమేక నిలబడి, శ్రద్ధగా, తొందర లేకుండా నములుతోంది. దాని పెదవి చివర కనిపించిన ముక్క మీద నా అందమైన చేతిరాత ఉంది: మూత తీ... మిగతాది లోపలికి వెళ్లింది. తొమ్మిది గంటల పది నిమిషాలు అనే ఆ సాక్ష్యం మేక కడుపులోకి చేరింది.

మిత్రులారా, అంత మంచి అవకాశం జీవితంలో ఇంకోసారి రాదు. కాగితం లేదు. చూసినవాడు రైతు ఒక్కడే, ఆయన నోరు మెదపడం లేదు. నన్ను ఇరికించడం ఇష్టంలేక, చేతులు కట్టుకుని తిట్లు తింటున్నాడు. మేడమ్ ఆర్డరు గుమ్మం దాకా వచ్చింది. నేను చేయవలసిందల్లా అయ్యో అనడమే.

"సార్, బోరు మూసే ఉండింది" అన్నాను. "పలక నేను తీసినాను. తొమ్మిది గంటల పది నిమిషాలకు. మళ్లీ మూత పెట్టకుండా జీపు కాడికి పోయినాను. నాలుగు నిమిషాలు."

"ఎందుకు వెళ్లారు?"

"మూత తీసినానని రాసుకోవడానికి."

ఆయన నన్ను చూశారు. "రాసుకోవడానికి నాలుగు నిమిషాలా?"

"పెన్సిలు చెక్కుకున్నాను సార్. రెండుసార్లు."

మొదట పెద్దావిడ నవ్వింది. "ఓరి నీ పెన్సిలు పాడుగాను! నువ్వే తోసి, నువ్వే తీసి, పైగా పెద్ద దొర మాదిరి నిలబడితివా అల్లుడా!" ఆ తరువాత రైతు, ఆ తరువాత అధికారి. మేడమ్ మాత్రం కళ్లు మూసుకుని నిలబడింది. ఆ కళ్లు తెరిచేదాకా గడిచిన సమయమే నా వృత్తి జీవితంలో అతి పొడవైనది. గడియారం చూడలేదు.

అధికారి జీపు ఎక్కుతూ మేడమ్‌తో అన్నారు: "మీ యంత్రం పనిచేస్తుందని మేక చెప్పింది, నమ్ముతాను. ఎక్కడ దెబ్బతింటుందో ఈయన చెప్పారు, అదీ నమ్ముతాను. మీరు పంపే ప్రతి పెట్టెలో ముందుగా ఒక మూత పెట్టండి. యంత్రం దాని కింద."

ఆర్డరు వచ్చింది. మేడమ్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజు చెక్‌లిస్టు తెమ్మని, తన చేత్తో రెండు అంశాలు రాసింది. ఇరవై ఏడు: దించేముందు గాజును మళ్లీ చూచుట, పూజ అయిన తరువాత. ఇరవై ఎనిమిది: మూత తీసినవాడు మూత దగ్గరే ఉండుట. నేను మానేసే నాటికి మా యంత్రాలు ఎన్నో జిల్లాలకు వెళ్లాయి. కొత్త నమూనాకు గాజును తనంతట తానే తుడుచుకునే మెత్తటి రబ్బరు పట్టీ వచ్చింది. కరపత్రంలో దాన్ని అత్యాధునిక పరిజ్ఞానం అని రాశారు. ఆ పట్టీ రంగు గులాబీ. రంగు ఎంచుకున్నది మేడమ్.

పోయిన నెల దర్శి వెళ్లివస్తూ ఆ చేను దగ్గర దిగాను. పలకను కాలితో మూడుసార్లు తట్టి చూశాను, కదలలేదు. పెద్దావిడ దూరం నుంచే "ఏం అల్లుడా, ఈసారి ఎవురిని తోసేదానికి వొచ్చినావు?" అని కేక వేసింది. తెల్లచెవుల పిల్ల ఇప్పుడు పెద్ద మేక, ఇద్దరు పిల్లల తల్లి. ఎంత ధర పలికినా ఆవిడ అమ్మలేదట. పక్కన గట్టు మీద కూర్చుని, అలవాటు ప్రకారం డైరీ తీసి, తేదీ, చేరిన సమయం, పలక స్థితి, మేకల సంఖ్య రాస్తున్నాను. ఆ తెల్లచెవుల మేక వచ్చి నా ముఖంలోకి చూసి, కళ్లజోడును ఒకసారి పైనుంచి కిందికి శుభ్రంగా నాకింది. మసకలోంచి నేను తుడుచుకుని చూసేసరికి డైరీలో ఆ రోజు పేజీ లేదు.

తల్లిని అన్ని విధాలా పోలిందని పెద్దావిడ మురిసిపోయింది.